ఎన్ని ఘటములు, ఏ మోటారు?

మా ఇల్లు లాల్‌దర్వాజలో ఉన్నది. సాయంకాలము మా గల్లీలో సైకిళ్ళు, స్కూటర్లు, ఆటోలు తిరుగుచుండగా వాటి నడుమ అడుగున్నర పొడవుగల చిన్న లారీ ఒకటి పరుగెత్తుచుండును. అది మా మనుమడిది. దానికి తాళపుచెవి లేదు, లాగుటకు తాడు లేదు. పిల్లవాడు అరుగుమీద కూర్చుండి చేతిలోని పెట్టెకున్న మీటను నొక్కినచో, కంటికి కనబడని రేడియో తరంగము పోయి బండిని నడిపించును. నేను చిన్ననాటినుండి రేడియో అనిన వినునది అనుకొన్నవాడను. నా మనుమడికి రేడియో అనిన బండి తోలునది.

ఒకనాడు వాడు నావద్దకు వచ్చి, "తాతయ్యా, రెండు సెల్లులతోనే ఇంత పరుగు తీస్తున్నది. మూడు పెడితే ఎంత పరుగో చూద్దువుగాని రా" అన్నాడు. స్నేహితుని యొద్దనుండి మూడు సెల్లుల బ్యాటరీ తెచ్చి తగిలించినాడు. పరుగు నిజముగనే హెచ్చినది. గల్లీ చివరివరకు బాణమువలె పోయి వచ్చినది. ఐదారు నిమిషములైనవో లేదో కమురువాసన కొట్టి బండి నిలిచిపోయినది. మోటారుమీద వేలు పెట్టలేకపోయినాము. పిల్లవాని ముఖము చిన్నబోయినది. "బలము ఎక్కువ పెడితే పాడైపోవడమేమిటి తాతయ్యా?" అని అడిగినాడు.

ఆ ప్రశ్న వానిది మాత్రమే కాదు. రెండు వందల సంవత్సరములనుండి ఎందరో మహానుభావులు అడిగిన ప్రశ్న అది. వారు కూడ మొదట మా మనుమనివలెనే అనుకొన్నారు. ఎన్ని ఘటములైన అంత బలమని తలచి, చేతులు కాల్చుకొని, తరువాత లెక్క నేర్చుకొన్నారు. ఆ లెక్క ఎట్లు కుదిరినదో చెప్పుటయే నేటి ప్రసంగము.

వాడుకలో మనము సెల్లు అనుదానిని శాస్త్రజ్ఞులు ఘటమందురు. ఘటములను జతపరచిన సముదాయము బ్యాటరీ. 1800వ సంవత్సరము మార్చి 20వ తేదీన ఇటలీ దేశస్థుడైన అలెస్సాండ్రో వోల్టా లండనులోని రాయల్ సొసైటీకి ఒక లేఖ వ్రాసినాడు. వెండి బిళ్ళ, తుత్తునాగపు బిళ్ళ, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్క, ఇట్లు ఒకదానిపై నొకటి పేర్చినచో ఎడతెగని విద్యుత్ప్రవాహము కలుగునని అందులో వివరించినాడు. బిళ్ళల జతలు పెరిగిన కొలది, ముట్టుకొన్నవాని చేతికి తగులు దెబ్బ పెరిగినది. ఇక పండితులందరు జతలు పెంచుటలో పోటీపడినారు. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ 2000 జతల పలకలతో ఒక మహా బ్యాటరీ నిర్మింపజేసి, 1810 ప్రాంతమున రెండు బొగ్గుకడ్డీల నడుమ కన్నులు మిరుమిట్లు గొలుపు వెలుగును చూపినాడు. చూచినవారికి సంఖ్యయే శక్తి అనిపించినది.

సంఖ్య ఒక్కటే చాలదని చెప్పినవాడు జర్మనీలో ఒక బడి ఉపాధ్యాయుడు. ఆయన పేరు జార్జ్ ఓమ్. 1827లో ఆయన ప్రకటించిన గ్రంథములో ఒత్తిడి, ప్రవాహము, నిరోధము అను మూడింటికిగల సంబంధము తేటపడినది. దానిని మన ఇండ్ల భాషలో ఇట్లు చెప్పవచ్చును. మేడమీది నీళ్ళ తొట్టిని ఎంత ఎత్తున పెట్టిన కుళాయిలో నీరు అంత ఉద్ధృతముగా దూకును. ఘటములను ఒకదాని వెనుక నొకటి శ్రేణిగా కలుపుట తొట్టి ఎత్తు పెంచుట వంటిది. దీనివలన వోల్టులు పెరుగును. ప్రక్కప్రక్కన సమాంతరముగా కలుపుట తొట్టి వెడల్పు పెంచుట వంటిది. ఒత్తిడి మారదు, నీరు మాత్రము ఎక్కువసేపు వచ్చును. అయితే క్రింది గొట్టము ఎంత నీటిని ఓర్చుకొనగలదో చూడకుండ తొట్టిని ఎత్తినచో గొట్టము పగులును. మా మనుమని లారీలో పగిలినది ఆ గొట్టమే.

ఈ విషయమునకు చరిత్రలో చక్కని నిదర్శన మొకటి ఉన్నది. మోరిట్జ్ యాకోబీ అను జర్మను ఇంజనీరు 1834లో తిరుగుడు మోటారును నిర్మించి, తరువాత రష్యా చక్రవర్తి ఆదరణ సంపాదించి సెయింట్ పీటర్స్‌బర్గు నగరము చేరినాడు. 1838 సెప్టెంబరులో నేవా నదిమీద ఎనిమిది మీటర్ల పడవకు తెడ్ల చక్రములు కట్టి, వాటిని విద్యుత్తుతో త్రిప్పినాడు. పడవ రెండు ప్రక్కల గోడల వెంబడి 320 జతల పలకల బ్యాటరీ అమర్చినాడు. పన్నెండుగురికి పైగా ఎక్కిన ఆ పడవ గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగముతో సాగినది. ఒడ్డున నడుచు మనిషి దానిని సులువుగా దాటిపోగలడు. యాకోబీ నిరాశ చెందలేదు. అట్లని మరి 320 జతలు చేర్చనూ లేదు. మరుసటి సంవత్సరము మోటారును మార్చి కట్టినాడు. రాగి పలకలకు బదులు ప్లాటినము పలకలు గల గ్రోవ్ ఘటములను తీసికొన్నాడు. ఈ ఘటము ఒక్కొక్కటి సుమారు 1.9 వోల్టు లిచ్చును. ఘటముల సంఖ్య మునుపటికంటె ఎంతో తగ్గినది. పడవ వేగము గంటకు నాలుగు కిలోమీటర్లకు పెరిగినది. తక్కువ ఘటములతో ఎక్కువ పరుగు! ఘటము, మోటారు ఒకదాని కొకటి తగినవైనచో ఇట్లుండును.

అదే కాలమున ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర ఒక బీరు బట్టీ యజమాని కుమారుడు, బట్టీలోని ఆవిరి యంత్రమును తీసివేసి విద్యున్మోటారు పెట్టవచ్చునేమోయని లెక్కలు వేసినాడు. ఆయనయే జేమ్స్ జౌల్. బ్యాటరీలో కరిగిపోవు తుత్తునాగము ధర, ఆవిరి యంత్రము మ్రింగు బొగ్గు ధరకంటె చాల ఎక్కువని తేలినది. మోటారు ఆశ వదలుకొన్నాడు గాని, ఆ ప్రయత్నములో లోకమునకు ఒక అమూల్యమైన సూత్రము నిచ్చినాడు. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమునుబట్టి పెరుగును. అనగా ప్రవాహము రెండింతలైన వేడి నాలుగింతలగును. ఒకటిన్నర యైన వేడి రెండుంబావు రెట్లగును. రెండు ఘటముల స్థానమున మూడు పెట్టినచో ఒత్తిడి ఒకటిన్నర రెట్లు. నిలిచియున్న బండిని కదల్చునపుడు అదే మోటారు గుంజుకొను ప్రవాహము కూడ ఒకటిన్నర రెట్లు. కనుక వేడి రెండుంబావు రెట్లు. మా గల్లీలో వచ్చిన కమురువాసనకు జౌలు 1840లలోనే లెక్క కట్టి ఉంచినాడు.

రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ లెక్క క్రొత్తది కాకూడదు. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో ప్రసారములు ప్రారంభించినది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసినది. ఆ కాలమున విద్యుత్తు లేని పల్లెలలో రేడియోలు బ్యాటరీలతోనే పలికినవి. ఆ పెట్టెలో రెండు విధముల బ్యాటరీ ఉండెడిది. వాల్వులలోని సన్నని తీగను వేడిచేయుటకు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఒకటి. వాల్వు పలకకు ఒత్తిడి నిచ్చుటకు 90 వోల్టుల బ్యాటరీ మరొకటి. ఒక పొడి ఘటము ఒకటిన్నర వోల్టు గదా. 90 వోల్టులకు 60 చిన్న ఘటములను శ్రేణిగా కలిపి అట్టపెట్టెలో బిగించెడివారు. పొరపాటున ఆ 90 వోల్టులను తీగకు తగిలించినచో వాల్వులన్నియు క్షణములో మాడిపోయెడివి. వాల్వు తీగకు ప్రవాహము కావలెను, పలకకు ఒత్తిడి కావలెను. దేనికి తగినది దానికి. పాత రేడియో వాడిన పెద్దలకు తెలిసిన ఈ నియమమే నేటి బొమ్మలారీకి కూడ నియమము.

ఇక రేడియోతో బండిని నడుపుట ఎప్పటిది? ఇది నేటి విచిత్రమని మనము తలచుచున్నాము. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీటి తొట్టిలో ఒక చిన్న పడవను దూరమునుండి రేడియో తరంగములతో నడిపి చూపినాడు. అందులో నిలువ బ్యాటరీలు, మోటారు ఉన్నవి. ఆ సంవత్సరము నవంబరులో ఆయనకు దానిపై పేటెంటు లభించినది. నేటి చిన్న లారీకి ముత్తాత ఆ పడవయే.

టెస్లా కాలమునుండి చాల కాలమువరకు బ్యాటరీతో నడుచు మోటారులన్నిటికి ఒక జబ్బు ఉండినది. మోటారులో తిరుగునది తీగచుట్ట. తిరుగుచున్న చుట్టకు ప్రవాహము నందించుటకును, అర్ధ చుట్టు కొకసారి దాని దిశను మార్చుటకును, ముక్కలు ముక్కలుగానున్న రాగి చక్రముపై బొగ్గు బ్రష్షులు ఒరసికొనుచుండవలెను. బ్రష్షు అరుగును, నిప్పురవ్వలు చిమ్మును, కొంత శక్తి ఒరపిడిలో వ్యర్థమగును. ప్రక్కయింటిలో మిక్సీ తిరుగునపుడు మన రేడియోలో గరగర మని చప్పుడు వచ్చుట అందరు ఎరిగినదే. ఆ గరగర బ్రష్షుల నిప్పురవ్వలది. రేడియోతో నడుచు బండిలో అట్టి మోటారు ఉన్నచో తన యజమాని మాటను తానే చెడగొట్టుకొన్నట్లు!

దీనికి మందు ట్రాన్సిస్టరు. 1947లో పుట్టిన ఆ చిన్న వస్తువు రేడియోను పెట్టెనుండి జేబులోనికి తెచ్చినది. మోటారునుండి బ్రష్షును తొలగించినదియు అదే. 1962లో అమెరికాలో విల్సన్, ట్రికీ అను ఇంజనీర్లు దిశ మార్చు పనిని ట్రాన్సిస్టరులకు అప్పగించి, బ్రష్షులు లేని మోటారును ఒక పత్రములో వర్ణించినారు. ఇందులో తీగచుట్టలు కదలక నిలిచియుండును, అయస్కాంతము తిరుగును. మోటారునుండి మూడు తీగలు వెలుపలికి వచ్చును. వేగనియంత్రకమను చిన్న పలక ఆ మూడింటికి వంతులవారీగా ప్రవాహము పంపుచు అయస్కాంతమును తన వెంట త్రిప్పుకొనును. మూడింటిలో ఏ రెండు తీగలను తారుమారు చేసినను మోటారు ఎదురు దిశకు తిరుగును. దుకాణములో బ్రష్‌లెస్ మోటారు అని అమ్మునది ఇదే.

అయితే బ్రష్షులేని మోటారు బొమ్మలలోనికి వచ్చుటకు మరి రెండు వస్తువులు కావలసియుండెను. ఒకటి బలమైన చిన్న అయస్కాంతము. 1960లలో సమేరియము, కోబాల్టు కలిపిన అయస్కాంతము, 1980లలో నియోడిమియము, ఇనుము, బోరాన్ కలిపిన అయస్కాంతము వచ్చినవి. రెండవది తేలిక ఘటము. అంతకు పూర్వము ఈ బొమ్మబండ్లలో నికెలు ఘటములు వాడెడివారు. ఒక్కొక్కటి 1.2 వోల్టు, ఆరు కలిపిన 7.2 వోల్టులు. 1991లో లిథియము అయాను ఘటము బజారునకు వచ్చినది. దాని సాధారణపు ఒత్తిడి 3.7 వోల్టులు, నిండుగా నింపినపుడు 4.2. రెండు లిథియము ఘటములు ఆరు నికెలు ఘటముల పని చేసినవి. ఈ ఘటమునకు మూలపురుషులైన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనువారికి 2019లో నోబెల్ బహుమానము లభించినది.

ఇప్పుడు మనుమని లారీని బల్లమీద పెట్టి లెక్క చూతము. మోటారుమీద 3000 కేవీ అని వ్రాసియున్నది. కేవీ యనగా ఒక్క వోల్టుకు, బరువు లేనపుడు, నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగునో ఆ సంఖ్య. బ్యాటరీమీద 2ఎస్ అనిన రెండు ఘటములు శ్రేణిగా ఉన్నవని అర్థము. రెండు ఘటములు 7.4 వోల్టులు, మోటారు 22,200 చుట్లు తిరుగును. మూడైన 11.1 వోల్టులు, 33,300 చుట్లు. వాడు చేసినది ఇదే. ఇంకొక దారి కూడ ఉన్నది. నాలుగు ఘటములు తీసికొని, 14.8 వోల్టులకు 1500 కేవీ మోటారును జతచేసినచో మరల 22,200 చుట్లే. పరుగు మొదటిదే. మరి లాభమేమి? బండికి సుమారు 300 వాట్ల శక్తి కావలెననుకొనుడు. రెండు ఘటములతో అందుకు 40 ఆంపియర్ల ప్రవాహము కావలెను. నాలుగింటితో 20 చాలును. ప్రవాహము సగమైనది గనుక, అవే తీగలలోను, అతుకులలోను, వేగనియంత్రకములోను పుట్టు వేడి జౌలు సూత్రముచొప్పున నాలుగవ వంతు. కనుక ఘటములు పెంచుట తప్పు కాదు. ఘటములు పెంచి మోటారును మార్చకుండుట తప్పు. బరువైన లారీకి తక్కువ కేవీ, పెద్ద మోటారు, ఎక్కువ ఘటములు. తేలిక బండికి ఎక్కువ కేవీ, చిన్న మోటారు, తక్కువ ఘటములు. మోటారు పరిమాణము కూడ దానిమీదనే ఉండును. 3650 అనిన 36 మిల్లీమీటర్ల వ్యాసము, 50 మిల్లీమీటర్ల పొడవు. పాత మోటారుతోనే మూడు ఘటములు వాడదలచినవారు మోటారు కొననున్న పళ్ళచక్రమును తక్కువ పళ్ళుగలదానితో మార్చి దాని భారమును తగ్గింపవలెను. అంతకంటె ముందు వేగనియంత్రకముమీద ఎన్ని ఘటములవరకు అనుమతి ఉన్నదో చదువవలెను.

ఇది పిల్లల ఆటయని తేలికగా తీసివేయకుడు. లిథియము ఘటము ఉప్పునీటి బిళ్ళవంటి సాధువు కాదు. 4.2 వోల్టులకు మించి నింపినను, మూడు వోల్టులకు దిగువగా పిండివేసినను, ఉబ్బినదానిని మరల వాడినను మంట లేచు ప్రమాదమున్నది. ఒక్కొక్క ఘటమును సరిచూచుచు నింపు ఛార్జరునే వాడవలెను. మనుష్యులు నిద్రించు గదిలో, దిక్కులేకుండ వదలి నింపరాదు. 2022 సెప్టెంబరులో సికిందరాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున్న ఒక భవనములో అగ్నిప్రమాదము జరిగి, పై అంతస్థులలోని హోటలులో ఉన్నవారు ఎనిమిదిమంది ప్రాణములు కోల్పోయినారు. నేడు మన వీధులలో తిరుగు విద్యుత్ ఆటోలు, స్కూటర్లు, బస్సులు చాలవాటి లోపల ఉన్నవి ఇవే ఘటములు, ఇట్టి మోటారులే. పిల్లవాడు బొమ్మలారీవద్ద నేర్చుకొన్న లెక్క రేపు పెద్దబండివద్ద వానిని, వాని యింటివారిని కాపాడును.

మరియొక సంగతి. ఈ విద్య ఎక్కడో సముద్రములకు ఆవల ఉన్నదని మనము అనుకొనుచున్నాము. మా లాల్‌దర్వాజకు కొలది మైళ్ళ దూరమున కంచన్‌బాగులో రక్షణశాఖవారి లోహ పరిశోధనశాల ఉన్నది. సమేరియము కోబాల్టు అయస్కాంతములమీద అక్కడ కృషి జరిగినది. ఆ పరిశోధనశాల, భాభా అణు పరిశోధన కేంద్రము కలిసి రూపొందించిన పద్ధతితో విశాఖపట్టణములో నెలకొల్పిన అయస్కాంతముల కర్మాగారము 2023 మే నెలలో జాతికి అంకితమైనది. ఏటికి 3000 కిలోల అయస్కాంతములు తయారుచేయుట దాని లక్ష్యము. కంచన్‌బాగులోనే ఇనుమేతర లోహముల సాంకేతిక కేంద్రమువారు నియోడిమియము అయస్కాంతములపై పనిచేయుచున్నారు. బాలాపూరులోని పరిశోధన కేంద్రములో లిథియము ఘటములకు కావలసిన పదార్థములపై పనిచేయుచున్నారు. నియోడిమియము లభించు మోనజైటు అను ఖనిజము మన భీమునిపట్టణపు సముద్రతీరపు ఇసుకలోనే ఉన్నది. అయినను 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని విరళ మృత్తికా లోహముల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగనే మన దేశములోని మోటారు బండ్ల కర్మాగారములు కలవరపడినవి. ఇసుక మనది, విద్యయు మనదే. వీటికి తగినంత పరిశ్రమ జతపడలేదు. ఘటమునకు తగిన మోటారు దొరకని బండివలె ఉన్నది మన స్థితి.

మా మనుమని కథ ముగించి సెలవు తీసికొందును. మాడిన మోటారును వాడు పారవేయలేదు. విప్పి చూచినాడు. తీగచుట్టమీది లక్కపూత నల్లబడినది. లోపలి అయస్కాంతము కూడ వేడికి బలము తగ్గి ఉండెను. అట్టముక్కమీద వోల్టులు, చుట్లు, ఆంపియర్లు వేసికొని లెక్క కట్టినాడు. మరునాడు ఇద్దరము నయాపూల్ దాటి కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయినాము. అంగడివాడు అలవాటుచొప్పున, "ఎన్ని సెల్లుల బ్యాటరీ కావాలి బాబూ?" అని అడిగినాడు.

వాడు నావైపు చూచి, జేబులోని అట్టముక్క తీసి, "ముందు మోటారు చూపించండి. సెల్లుల సంగతి తర్వాత చెప్తాను" అన్నాడు.